బోర్డు మీద పేరు, కాగితం మీద పేరు

స్టేషన్ ఘన్‌పూర్ బజారులో నడిస్తే ‘అండ్ సన్స్’, ‘బ్రదర్స్’ బోర్డులు కనిపిస్తాయి. ‘అండ్ డాటర్స్’ అన్న బోర్డు నేను ఇంతవరకూ చూడలేదు. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. తెలుగు స్త్రీలకు చీరలమ్మి పేరు తెచ్చుకున్నవి చందన బ్రదర్స్, బొమ్మన బ్రదర్స్. చందన ఎవరో ఆడపిల్ల అనుకునేవాళ్ళున్నారు. కాదు, అది ఇంటిపేరు. కొనేది అక్కచెల్లెళ్ళు, బోర్డుకెక్కేది అన్నదమ్ములు! జి.ఎం.ఆర్. అన్న మూడక్షరాలూ గ్రంధి మల్లికార్జునరావు గారివే.

ఇంటిపేరే వ్యాపారానికి పేరైనచోట, పెళ్ళితో ఇంటిపేరు మారే కూతురు పరాయిదవుతుంది. కోడలు పొద్దంతా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా అది ‘ఇంటిపని’ కిందే జమ. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసి, కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చింది. 2005లో కేంద్రమూ చట్టం మార్చింది. బోర్డులు రాసేవాళ్ళకు ఆ కబురు అందినట్టు లేదు.

ఆడపిల్లల పేర్లూ పెడుతున్నారు కదా అంటారు. నిజమే. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ తన సబ్బుపొడికి కూతురు నిరుపమ పేరు మీదే ‘నిర్మా’ అని పెట్టారు. మన ఊళ్ళలోనూ కూతురి పేర కిరాణం, మనవరాలి పేర రైసు మిల్లు ఉంటాయి. ప్రేమను కాదనను. కానీ లైసెన్సు ఎవరి పేర ఉంది? భాగస్వామ్య పత్రంలో ఆ పిల్ల ఉందా?

మన పొదుపు సంఘాల పరిస్థితీ అంతే. సంఘం స్త్రీలు కారం పట్టిస్తారు, పచ్చళ్ళు పెడతారు. సరుకెత్తే వ్యాపారి సంచి మీద తన పేరు అచ్చేసుకుంటాడు. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ చూడండి. ఆ పేరులో ఎవరి ఇంటిపేరూ లేదు, రుచి అనే అర్థం ఉంది. అప్పడాలొత్తే సభ్యులే యజమానులు.

ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువ పెడితే కలిసొస్తుందని సంఖ్యాశాస్త్రం వాళ్ళు డబ్బు గుంజుతున్నారు. ఆ డబ్బు ట్రేడ్ మార్కు దరఖాస్తుకు కట్టండి. మన పేరునే ఒక అక్షరం మార్చి, అదే సరుకు అమ్మి, కొనేవాళ్ళను తికమకపెట్టేవాణ్ణి 1999 చట్టం కింద అడ్డుకోవచ్చు. నమోదు పదేళ్ళు ఉంటుంది, తరువాత మళ్ళీ చేయించుకోవాలి. దరఖాస్తు రాసిపెట్టేవారు యజమాని అన్నచోట సంఘం పేరు రాశారా, తమ పేరు రాసుకున్నారా, సంతకానికి ముందే చదివించుకోండి.