పాయింట్లకు గడువుంది, అప్పుకు లేదు

ఉమ్రాకు వెళ్ళి రావాలన్న తపన లేని ముస్లిం కుటుంబం ఉండదు. మన పెద్దలు ఆ కోరిక తీర్చుకోవడానికి ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టేవారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి, అప్పులు తీర్చి, బంధుమిత్రుల ఇళ్ళకు వెళ్ళి ‘కహా సునా మాఫ్ కర్నా’ అని చెప్పుకుని, ఆ తర్వాతే ఇహ్రామ్ వస్త్రాలు సర్దుకునేవారు. ఇప్పుడు ఆ ప్రయాణం గురించి ఇళ్ళలో ఒక కొత్త మాట వినిపిస్తోంది. “మక్కాలో గది ఉచితం! కార్డు పాయింట్ల మీద వచ్చింది” అని.

ఇటీవల జుమా నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి మా దగ్గరకు వచ్చారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు తల్లిదండ్రుల కోసం హోటల్ కార్డు పాయింట్లతో మక్కాలో గది తీసుకున్నాడట. “మౌల్వీ సాబ్, ఆ గదిలో బస చేయవచ్చా?” అని ఆయన సందేహం. మేము ఆయనను ఒక్కటే అడిగాము: “కార్డు బిల్లు అబ్బాయి పూర్తిగా కడుతున్నాడా?” ఆయనకు తెలియదు. అక్కడే నిలబడి ఫోను చేసి కనుక్కున్నారు. బాకీ 1,20,000 రూపాయలు. ఏడు నెలలుగా బ్యాంకు అడిగిన కనీస మొత్తం మాత్రమే కడుతున్నాడు. ఆ తండ్రి ముఖం చిన్నబోయింది. ఆయన గది గురించి అడగవచ్చారు గానీ, అసలు సంగతి బిల్లులో ఉంది.

ఈ పరిస్థితి ఒక్క ఇంటిది కాదు. అందుకే ఈ వారం ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఏమిటీ హోటల్ కార్డు?

తమ హోటళ్ళకు మళ్ళీ మళ్ళీ వచ్చేవారికి పాయింట్లు వేసి, అవి పోగుపడ్డాక ఒక రాత్రి బస ఇవ్వడం అమెరికాలో మొదలైన పద్ధతి. హాలిడే ఇన్, మారియట్ సంస్థలు 1983లో, హిల్టన్ 1987లో ఈ పథకాలు ప్రారంభించాయి. తర్వాత బ్యాంకులు వీటితో చేతులు కలిపాయి. హోటల్ పేరు వేసిన క్రెడిట్ కార్డులు వచ్చాయి. దానితో హోటల్‌లో దిగకపోయినా, బియ్యం కొన్నా, పెట్రోలు పోయించుకున్నా ఆ హోటల్ పాయింట్లు జమ కావడం మొదలైంది. చికాగోలోనో డల్లాస్‌లోనో ఉన్న మన పిల్లల దగ్గర ఇలాంటి కార్డులు రెండు మూడు ఉండడం ఇప్పుడు వింత కాదు.

మన దేశంలో మారియట్, హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు కలిసి 2023 ఆగస్టులో ఇటువంటి కార్డు తెచ్చాయి. అప్పుడు ప్రకటించిన షరతుల ప్రకారం ఏడాది రుసుము 3,000 రూపాయలు, దానిపై పన్ను అదనం. మారియట్ హోటళ్ళలో ఖర్చు చేసే ప్రతి 150 రూపాయలకు 8 పాయింట్లు, ప్రయాణాలకూ భోజనాలకూ వినోదాలకూ 4, మిగిలిన ఖర్చులకు 2. కార్డు తీసుకున్నందుకు 15,000 పాయింట్ల వరకు విలువైన ఒక రాత్రి బస. ఏడాదిలో 6 లక్షలు ఖర్చు చేస్తే మరో రాత్రి, 9 లక్షలకు ఇంకొకటి, 15 లక్షలకు ఇంకొకటి.

ఇక్కడ కాగితం, కలం తీసుకుని లెక్క వేయాలి. 150 రూపాయలకు 2 పాయింట్ల చొప్పున 15,000 పాయింట్లు రావాలంటే 11,25,000 రూపాయలు ఖర్చు చేయాలి. నెలకు దాదాపు 94,000! మధ్యతరగతి కుటుంబంలో ఇంటి అవసరాలకు ఇంత ఖర్చు ఎక్కడుంది? లేని ఖర్చును కల్పించుకోవడం అక్కడే మొదలవుతుంది. ‘ఇంకొక్క నలభై వేలు ఖర్చు పెడితే ఉచిత రాత్రి వస్తుంది’ అని పాత ఫ్రిజ్ బాగానే ఉండగా కొత్తది వస్తుంది. దీనినే మన షరీఅత్ ‘ఇస్రాఫ్’, అంటే దుబారా అంటుంది.

ఉచితం ఎవరి సొమ్ముతో?

హోటల్ యజమాని పుణ్యానికి గది ఇస్తున్నాడా? కానే కాదు. మనం కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు అమ్మకంలో కొంత శాతం బ్యాంకులకు చెల్లించుకుంటాడు. బ్యాంకు ఆ రాబడిలో కొంత పెట్టి హోటల్ సంస్థ వద్ద పాయింట్లు కొంటుంది. అంటే పాయింటు కూడా ఒక సరుకే. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల హోటళ్ళన్నీ ఖాళీగా ఉన్నప్పుడు హిల్టన్ సంస్థ అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు ముందుగానే 100 కోట్ల డాలర్ల విలువైన పాయింట్లు అమ్మి డబ్బు సమకూర్చుకుంది. ఉచితమని మనం అనుకునే దాని వెనుక ఎంత పెద్ద వ్యాపారం ఉందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బ్యాంకుకు వచ్చే రెండో రాబడి వడ్డీ. మన దేశంలో కార్డు బాకీపై నెలకు సుమారు మూడున్నర నుంచి 3.75 శాతం వరకు వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం పన్ను. ముందు చెప్పిన 1,20,000 బాకీనే తీసుకోండి. నెలకు 3.75 శాతమైతే వడ్డీ 4,500, పన్ను 810, మొత్తం 5,310 రూపాయలు. ఆ యువకుడు నెలకు 6,000 కడితే అసలులో తగ్గేది 690 మాత్రమే! పైగా బాకీ మిగిలినంత కాలం కొత్తగా కొన్న వస్తువుపైనా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. గడువు వెసులుబాటు అప్పుడు వర్తించదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదన్నది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కనుక ఆ అడ్డు కూడా లేదు.

షరీఅత్ ఏమంటుంది?

వ్యాపారాన్ని అనుమతించి వడ్డీని నిషేధించిన సంగతి సూరె బఖరాలో స్పష్టంగా ఉంది. తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడు, రాసేవాడు, సాక్షులు కూడా ఆ పాపంలో భాగస్వాములేనని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఇక కార్డు విషయానికొస్తే, ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమై తీర్మానం చేసింది. ఖాతాలో సొమ్ము లేకుండా అప్పుగా వాడే కార్డు ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే, గడువులోగా కట్టే ఉద్దేశం ఉన్నా సరే, అది ధర్మసమ్మతం కాదని పేర్కొన్నది. నిజమైన అవసరం ఉండి, వడ్డీ పడే అవకాశమే లేకుండా గడువులోగా మొత్తం చెల్లించేవారికి వెసులుబాటు ఇచ్చిన ఉలమాలు కూడా ఉన్నారు. మేము ఫత్వా ఇచ్చే స్థానంలో లేము. ఎవరికి వారు తమకు నమ్మకమున్న ముఫ్తీ సాహెబును అడిగి తెలుసుకోవాలి. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. వెసులుబాటు ఇచ్చినవారు కూడా అవసరానికే ఇచ్చారు గానీ పాయింట్ల వేటకు కాదు. బాకీ ఉంచి వడ్డీ కట్టడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు.

మరి పాయింట్ల సంగతి? అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి నుంచి లాభం పొందితే అది వడ్డీ. ఇక్కడ పాయింట్లు ఇస్తున్నది అప్పు ఇచ్చిన బ్యాంకే. అందుచేత వీటిని బహుమానంగానో ధరలో తగ్గింపుగానో భావించినవారున్నారు. కనుక అసలు ప్రమాదం పాయింటులో లేదు, ఆ పాయింటు కోసం మెడకు చుట్టుకునే అప్పులో ఉంది.

అప్పును మన దీన్ ఎంత తీవ్రంగా తీసుకుందో చూడండి. కొద్ది దీనార్ల అప్పుతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సల్లం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తాను తీరుస్తానని పూచీ పడిన తర్వాతనే నమాజు చేయించారు. షహీదుకు సైతం అన్నీ క్షమించబడతాయి గానీ అప్పు క్షమించబడదు. నమాజులో అప్పు నుంచి అంతగా శరణు వేడుకుంటారెందుకని అడిగినవారికి, అప్పుల పాలైనవాడు అబద్ధమాడతాడనీ, మాట తప్పుతాడనీ ఆయన సమాధానమిచ్చారు. ఆ మాట ఎంత నిజమో ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాము. పాయింట్ల కోసం బావమరిదికో స్నేహితుడికో లేని ఇంటి అద్దె కట్టినట్టు చూపి, ఆ సొమ్ము తిరిగి తెప్పించుకునేవారు మన మధ్య ఉన్నారు. ఇది తెలివితేటలు కాదు. ఇది మోసం. ఈ మోసంతో వచ్చిన గదిలో దిగి తవాఫ్‌కు వెళ్ళేవాడు ఏ ముఖంతో ‘లబ్బైక్’ అంటాడు?

ఇప్పటికే కార్డు ఉన్నవారికి

అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ మన నగరాల్లోనూ ఇప్పటికే కార్డు ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారికి మా సూచనలు ఇవి.

మొదటిది, ఖాతాలో ఉన్న సొమ్ము మేరకే కార్డు వాడండి. గడువు తేదీన మొత్తం బిల్లు ఖాతా నుంచి దానంతట అదే వెళ్ళేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వండి. ‘కనీస మొత్తం’ ఎంచుకోవద్దు. కార్డుతో నగదు తీయవద్దు, దానికి తొలి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

రెండోది, పాయింట్లను ఆస్తిగా లెక్కపెట్టుకోవద్దు. అవి సభ్యుడి సొత్తు కాదని, నిబంధనలు ఎప్పుడైనా మార్చవచ్చని సంస్థలు ముందే రాసుకున్నాయి. హిల్టన్, మారియట్‌లలో 24 నెలలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు రద్దవుతాయి. అకార్‌లో అది 365 రోజులే. ఏ గదికి ఎన్ని పాయింట్లన్న స్థిరమైన పట్టికను మారియట్ 2022లో తీసివేసింది. రద్దీ పెరిగితే పాయింట్లూ పెరుగుతాయి. రమజాన్ చివరి పది రోజుల్లో హరమ్ దగ్గర రద్దీ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కనుక సక్రమంగా వచ్చిన పాయింట్లుంటే ఏళ్ళ తరబడి దాచకుండా, రద్దీ లేని నెలల్లో వాడుకోవడం మంచిది. మారియట్‌లో వరుసగా అయిదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే లెక్కిస్తారు. హిల్టన్‌లో కుటుంబ సభ్యుల పాయింట్లు ఒకచోట కలుపుకోవచ్చు.

మూడోది, ఉమ్రా వీసాకు వసతి ఒప్పందం సౌదీ ప్రభుత్వ నుసుక్ వ్యవస్థలో నమోదై ఉండాలన్న నిబంధన 2025లో వచ్చింది. పాయింట్లతో సొంతంగా తీసుకున్న గది దానికి చెల్లుతుందో లేదో ముందు ఏజెంటును అడగండి. అడగకుండా పాయింట్లు ఖర్చు చేసుకుని తర్వాత బాధపడవద్దు.

నాలుగోది, ఇప్పటికే వడ్డీ ఊబిలో ఉన్నవారు పాయింట్లను మరచిపోండి. తౌబా చేసి, కార్డు వాడకం ఆపి, ఉన్న బంగారం అమ్మి అయినా బాకీ తీర్చండి. తర్వాత కార్డు మూసివేయమని లిఖితపూర్వకంగా కోరండి. బాకీ లేని కార్డును 7 పని దినాల్లో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది.

అయిదోది, అప్పు వివరాలు రాసి పెట్టమన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ. మీ కార్డు బాకీ ఎంతో భార్యకో భర్తకో తెలిసి ఉండాలి. ఊపిరి ఆగితే పాయింట్ల లెక్క హోటల్ వారు చూసుకుంటారు. అప్పు లెక్క మాత్రం మన వెంట వస్తుంది.

రహ్మాన్ అతిథులు

నిజంగా ఉచితమైన గది ఎలా ఉంటుందో మనవాళ్ళకు తెలియనిది కాదు. మక్కాలో నిజాం ప్రభువులు వక్ఫ్ చేసిన రుబాత్ ఉంది. పాత హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల నుంచి హజ్‌కు వెళ్ళి, ఖురాలో పేరు వచ్చినవారికి అక్కడ వసతి. ఇచ్చినవారు అల్లాహ్ ప్రసన్నత తప్ప ఏమీ కోరలేదు. అక్కడ దిగేవాడి మీద ఏ బాకీ ఉండదు. క్లాక్ టవర్ కిటికీ నుంచి కాబా కనిపించడం మంచిదే. కానీ మిస్ఫలాలో మామూలు గదిలో దిగి, నడిచి వచ్చి చేసిన తవాఫ్‌కు పుణ్యం తక్కువేమీ కాదు. స్తోమతు ఉన్నవారికే హజ్ విధి అన్న ప్రభువు, తన గృహానికి అప్పు చేసి రమ్మని ఎవరినీ అడగలేదు.

హాజీలనూ ఉమ్రా యాత్రికులనూ మనం రహ్మాన్ అతిథులంటాము. అల్లాహ్‌కు అతిథిగా వెళ్ళేవాడు వడ్డీ వ్యాపారికి బాకీదారుగా వెళ్ళకూడదు. ఆ పెద్దమనిషి మా మాట విని, గది రద్దు చేయించి, ముందు కొడుకు బాకీ తీర్చే పని చూస్తామన్నారు. “ఉమ్రా వచ్చే ఏడాది చూద్దాం, ఇన్షా అల్లాహ్” అన్నారు. ఆ నిర్ణయానికీ అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంటుందని మా ఆశ.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! అప్పుల భారం నుంచి మనల్నీ మన సంతానాన్నీ కాపాడుగాక! తన గృహ దర్శనాన్ని హలాల్ సొమ్ముతో మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.