చక్రం తిప్పింది ఒకరు... చలానా ఇంకొకరికి!

ఇంట్లో బండి ఒకటే. తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంటుంది. పొద్దున్నే నాన్న పొలానికి తీసుకెళ్తాడు. పదింటికి అన్నయ్య కాలేజీకి. సాయంత్రం బాబాయి ‘ఇప్పుడే వస్తానురా’ అంటూ బజారుకి. మధ్యలో పక్కింటాయన ‘ఒక్కసారి మిర్చి యార్డుదాకా వెళ్లి రేటు కనుక్కొస్తా’నంటూ గుంటూరుకి! ఇంతమంది నడిపినా సీ-బుక్కులో పేరు మాత్రం ఒక్కరిదే. ఆ ఒక్కరూ ఒక్కోసారి బండి నడపడమే రాని అమ్మమ్మ కూడా కావచ్చు.

మరి ఆ బండిని ఎవరో ఎక్కడో అడ్డంగా నిలిపారనుకోండి... డబ్బు కట్టాల్సింది ఎవరు? నిలిపినవారా? సీ-బుక్కులో పేరున్నవారా?

చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఒకటి కాదు. డబ్బు అడుగుతున్నది ఎవరన్నదాన్ని బట్టి మారిపోతుంది. పది, ఇరవై రూపాయల పార్కింగు చీటీతో మొదలై లక్షల రూపాయల పరిహారం దాకా వెళుతుంది. ఈ వారం ఆ లెక్కేమిటో చూద్దాం.

చీటీ ఎవరికిస్తే వారిదే బాకీ

గుంటూరులో షాపింగుకెళ్తాం. కార్తీకమాసంలో అమరావతి వెళ్లి కృష్ణలో స్నానం చేసి అమరలింగేశ్వరుణ్ని దర్శించుకుంటాం. ఎక్కడికెళ్లినా ముందు వెతుక్కునేది బండి పెట్టే చోటే. ప్రైవేటు స్థలంలో బండి పెట్టి చీటీ తీసుకున్నారంటే, చట్టం దృష్టిలో అదొక ఒప్పందం. స్థలం వాళ్లది, బండి తెచ్చింది మీరు, రేటు బోర్డు మీద ఉంది. కాబట్టి ఆ సొమ్ము బాకీ పడేది బండి తెచ్చినవారే. సీ-బుక్కులో పేరున్న మావయ్య ఆ సమయంలో ఇంట్లో కునుకు తీస్తుంటే ఆ ఒప్పందంతో ఆయనకి సంబంధం లేదు.

ఇంకో ముక్క. ప్రైవేటు వ్యక్తి అడగగలిగింది ఒప్పుకున్న రుసుమే. జరిమానా వేసే అధికారం చట్టం ఎవరికిస్తే వారికే ఉంటుంది. బండి నెంబరు పట్టుకుని యజమాని ఇంటికి నోటీసు పంపి పార్కింగు సొమ్ము రాబట్టుకునేందుకు మన దేశంలో ప్రైవేటు పార్కింగు వాళ్లకి ప్రత్యేక చట్టమంటూ లేదు. అందుకే మన దగ్గర డబ్బు గేటు దగ్గరే తీసుకుంటారు. చీటీ పోతే సీ-బుక్కు చూపించమంటారు. అది జరిమానా కోసం కాదు, బండి దొంగల పాలు కాకుండా!

చీటీ వెనక చిన్న అక్షరాల్లో ‘బండికి యజమానిదే బాధ్యత’ అని ఉంటుంది కదా. అది అన్నిచోట్లా చెల్లదు. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌కి వచ్చిన ఒకాయన తన మారుతీ జెన్ తాళంచెవిని అక్కడి సిబ్బందికిచ్చి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారు మాయం! బీమా కంపెనీ ఆయనకి 2.8 లక్షలు చెల్లించి హోటల్ మీద కేసు వేసింది. ఆ కేసు 2019 నవంబరులో సుప్రీంకోర్టులో తేలింది. తాళం తీసుకుని కారు పెట్టే బాధ్యత నెత్తిన వేసుకున్నాక, తన అజాగ్రత్త వల్ల కారు పోతే, చీటీ మీది అచ్చు అక్షరాలు చూపించి హోటల్ తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. అయితే తాళంచెవి మీ జేబులోనే ఉంచుకుని, బండి మీరే పెట్టుకునే చోట ఇంత గట్టిగా అడగలేం. తేడా అంతా తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదాంట్లోనే!

సీమలో లెక్క వేరు

మన పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ ఇంగ్లండు వెళుతున్నారు. కారు కొనుక్కుంటారు. స్నేహితుడు ఆ కారు తీసుకుని సూపర్ మార్కెట్టుకెళ్లి రెండు గంటల బదులు మూడు గంటలు ఉంచుతాడు. నాలుగు రోజులకి కారు ఎవరి పేర ఉందో వారికి ఉత్తరం వస్తుంది... ఇన్ని పౌండ్లు కట్టండని!

అక్కడా ఒకప్పుడు మనలాగే ఉండేది. ప్రైవేటు స్థలం వాళ్లు సొమ్ము అడగాల్సింది నడిపినవారినే. నడిపిందెవరో తెలీదు, కారున్నాయన చెప్పడు. దాంతో చక్రానికి తాళం బిగించి డబ్బు గుంజడం మొదలైంది. జనం గగ్గోలు పెట్టారు. 2012లో అక్కడి పార్లమెంటు ఇద్దరికీ మధ్యేమార్గం చూపించింది. ప్రైవేటు స్థలాల్లో చక్రాలకి తాళాలు వేయడాన్ని నిషేధించింది. బదులుగా, నడిపిందెవరో తెలియకపోతే బండి ఎవరి దగ్గర ఉంటుందో వారి నుంచి వసూలు చేసుకోవచ్చంది. ఇది ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలకి వర్తిస్తుంది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అందులో యజమానికీ ఓ దారి ఉంచారు. నడిపినవారి పేరూ చిరునామా గడువులోగా చెప్పేస్తే ఆయన బయటపడతాడు. కారు అద్దం మీద కాగితం అంటించకుండా కెమెరా చూసి పంపే నోటీసైతే 14 రోజుల్లోగా అందాలి. ఆలస్యమైతే యజమానిని పట్టుకోవడానికి వీల్లేదు. అలాగని ‘ప్రైవేటు వాళ్ల కాగితమే కదా’ అని చెత్తబుట్టలో వేస్తే కుదరదు. చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒకాయన రెండు గంటలు ఉచితమైన చోట 56 నిమిషాలు ఎక్కువ ఉంచాడు. 85 పౌండ్లు కట్టమన్నారు. ఆయన అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 2015లో కట్టాల్సిందేనని తీర్పొచ్చింది. కాబట్టి అక్కడున్న మీ అబ్బాయికో అమ్మాయికో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి... ఉత్తరం వస్తే ముందు తేదీ చూడమని!

కెమెరాకి మొహాలు తెలీవు

ఇక మన రోడ్డు మీదకొద్దాం. ఇక్కడ అడిగేది పోలీసులు. లెక్క మొత్తం తిరగబడుతుంది.

మోటారు వాహనాల చట్టంలో రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చూడండి. అడ్డంగా బండి నిలపకూడదనేది 122వ సెక్షన్. అది చెప్పేది బండి ఎవరి చేతిలో ఉందో వారికి. అలా నిలిపిన బండిని లాక్కెళ్లే అధికారం పోలీసులకిచ్చేది 127వ సెక్షన్. లాక్కెళ్లిన ఖర్చు ఎవరు భరించాలంటే మాత్రం ‘యజమాని’ అని రాసుంది! తప్పు ఒకరిది, క్రేన్ ఖర్చు ఇంకొకరిది.

ఈ-చలానా కూడా అంతే. కెమెరాకి మొహాలు తెలీవు, నెంబరు ప్లేటే తెలుసు. ఆ నెంబరు ఎవరి పేర ఉంటే వారి ఫోనుకే మెసేజీ. ‘నేను కాదండీ నడిపింది’ అంటే సరిపోదు. నడిపింది ఎవరో, వారి చిరునామా, లైసెన్సు సంగతీ పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. ‘నాకు తెలీదు’ అన్నా కుదరదు, కాస్త ప్రయత్నిస్తే తెలిసేదైతే తెలుసుకుని మరీ చెప్పాలి. కాబట్టి బావమరిదికి బండిచ్చిన రోజు గుర్తుంచుకోవడం మంచిదే!

తాగి నడపడంలాంటి తప్పులకి శిక్ష నడిపినవారికే. బీమా లేకుండా రోడ్డెక్కితే మాత్రం నడిపినవారితోపాటు నడపనిచ్చినవారూ దోషులే. లైసెన్సు లేనివారికి బండిచ్చినా యజమానికి శిక్ష ఉంది. పదహారేళ్ల కుర్రాడికి ‘మా వాడు భలే నడుపుతాడండీ’ అని మురిసిపోతూ ఇచ్చారా... 2019లో చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ సంగతి వినండి. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. కుర్రాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. తనకి తెలియకుండా జరిగిందనో, తన వంతు జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకుంటే తప్ప పెద్దలకి మినహాయింపు లేదు.

అమ్మేసిన బండి వెంటాడితే...

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడుంది. పత్తి డబ్బులొచ్చాయని కొత్త బండి కొంటాం. పాతది ఆటో కన్సల్టెన్సీలో ఇచ్చేస్తాం. తెల్ల ఫారాల మీద రెండు సంతకాలు గీకి, డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చేస్తాం. ఆ ఫారాలు ఎవరి బీరువాలో ఉన్నాయో, బండి ఎన్ని చేతులు మారిందో మనకి తెలీదు. ఏడాది తర్వాత ఎప్పుడూ వెళ్లని ఊరి నుంచి చలానా వస్తే అప్పుడు గుర్తొస్తుంది... పేరు మార్చలేదని!

చలానాతో పోతే అదృష్టమే. హర్యానాలో ఒకాయన 2007లోనే తన కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. కాగితాల్లో పేరు మాత్రం ఆయనదే. 2009 మే 27న ఆ కారు వెనక్కి తీస్తుండగా ఒక మహిళకి దెబ్బలు తగిలాయి, ఆమె మేనల్లుడు చనిపోయాడు. బాబు మరణానికి ట్రైబ్యునల్ నిర్ణయించిన పరిహారం 3.75 లక్షలు. డ్రైవరూ, రిజిస్ట్రేషనులో పేరున్నాయనా కలిసి కట్టాలంది. హైకోర్టు కాదంది, ఆఖరున కొన్నాయన కట్టాలంది. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాగితాల్లో ఎవరి పేరుంటే వారే యజమాని, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు ఈ చేతి నుంచి ఆ చేతికి మారిన బండి జాడ వెతుక్కుంటూ తిరగాల్సిన పనిలేదంది.

అమ్మినాయనకి ఇది అన్యాయంగా తోచవచ్చు. ఆయన నడపలేదు, అసలు అక్కడ లేడు. కానీ అవతల నిలబడి చూడండి. కూలికెళ్లే మనిషి రోడ్డు మీద పడిపోతే ఆ ఇంటి ఇల్లాలి దగ్గరున్న ఆధారం బండి నెంబరొక్కటే. ఆ నెంబరు వెనక ఒక మనిషి ఉండాలి కదా! బండికి బీమా ఉంటే కంపెనీ చెల్లిస్తుంది. బీమా లేకపోతే భారం కాగితాల్లో పేరున్నవారి మీద పడుతుంది. దాన్ని తప్పించుకోవడం ఆ ఇల్లాలి చేతిలో లేదు. అమ్మిన మనిషి చేతిలో ఉంది, ఆర్టీవో ఆఫీసుకి ఓ కాగితం పంపే దూరంలో ఉంది.

మరేం చేయాలి?

1. బండి అమ్మితే 29వ నెంబరు ఫారంతో 14 రోజుల్లోగా రవాణాశాఖకి తెలియజేయాల్సింది అమ్మినవారే. కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరుకి మార్చుకోవాలి. దానికి 30వ నెంబరు ఫారం. ‘కొన్నాయన చూసుకుంటాడులే’ అని వదిలేయొద్దు.

2. కన్సల్టెన్సీకి ఇస్తుంటే, రవాణాశాఖ గుర్తింపు ఉందో లేదో అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న డీలరుకి బండి అప్పగించి 29సి ఫారం ద్వారా తెలియజేస్తే, అక్కణ్నుంచి యజమానిగా లెక్కలోకి వచ్చేది ఆ డీలరే.

3. అప్పగించిన రోజు, వేళ, కిలోమీటర్ల రీడింగు రాసి సంతకం తీసుకోండి. కొన్నవారి ఆధార్, లైసెన్సు నకళ్లు దాచుకోండి. ఇవి పేరు మార్పిడికి బదులు కావు, తోడు మాత్రమే.

4. ఇంటి పెద్ద పోతే బండి సంగతి ఎవరికీ గుర్తుండదు. వారసులు 30 రోజుల్లోగా రవాణాశాఖకి తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ ఫారంతో పేరు మార్పించుకోవాలి.

5. బండి అప్పు మీద ఉన్నా ‘యజమాని ఫైనాన్సు కంపెనీయే కదా’ అనుకోకండి. చట్టం ప్రకారం బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వారే యజమాని.

6. బీమా గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి. కరెంటు బిల్లు తేదీ గుర్తుంచుకున్నంత శ్రద్ధ దీనికీ చూపించండి.

బండి అడిగితే ఇవ్వనని చెప్పడం మన ఊళ్లలో కుదిరే పని కాదు. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే పక్కింటి బండే దిక్కు. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేముందు ‘లైసెన్సు ఉందా?’ అని ఒక్కమాట అడగండి. అమ్మేస్తే మాత్రం బండితోపాటు మీ పేరు కూడా ఆ కాగితాల్లోంచి వెళ్లిపోయిందో లేదో చూసుకోండి.