ఉద్యోగ పర్వము

“ఉద్యోగము పురుషలక్షణ”మని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను నేడు మనము కొలువునకును, నెలజీతమునకును మాత్రమే వర్తింపజేయుచున్నాము. కాని యా పదమునకు మొదటి యర్థము ప్రయత్నము, పూనిక. మహాభారతమందలి ఉద్యోగపర్వములో ఎవరికిని కొలువు దొరకలేదు. అందు నడచినవి రాయబారములును, యుద్ధసన్నాహములును. ఆ యర్థమున జూచినచో కొలువునకై వెదకుచున్న యువకుడు నిరుద్యోగి కాడు. అతడు ఉద్యోగపర్వమునందే యున్నాడు. ఈ భేదమును మన యిండ్లును, మన వీధులును మరచుటచేతనే యెందరో యువతీయువకుల జీవితములలో రెండు మూడు సంవత్సరములు లెక్కలోనికి రాని కాలములై పోవుచున్నవి.

ఉదయమున ఉయ్యూరులో బందరు రోడ్డు ప్రక్కను నిలిచి, విజయవాడ బస్సునకై కనిపెట్టుకొనియున్న వారిని జూడుడు. కచేరీలకు బోవువారు గడియారము జూచుకొందురు. పోటీపరీక్షల శిక్షణకు బోవువారు తెలిసినవారి చూపును దప్పించుకొందురు. మధ్యాహ్నము పఠనమందిరమునకు బోయి చూడుడు. వార్తాపత్రికలో తక్కిన పుటలు మడత నలగకయుండ, ప్రకటనల పుట యొక్కటియే చేతుల చెమటకు మాసియుండును. సాయంకాలము నెట్ సెంటరులో దరఖాస్తు, రుసుము, ఫొటో, ధ్రువపత్రములు, హాల్ టిక్కెట్టు. పరీక్ష ముగిసినపిమ్మట ఫలితమునకై నిరీక్షణ; ఒక్కొక్కప్పుడు ఫలితము వచ్చినపిమ్మట న్యాయస్థానపు తీర్పునకై నిరీక్షణ. ఇది వారి కాలచక్రము.

అట్లని యీ దినములన్నియు చీకటిదినములే యని మేము తలపము. పుల్లేరు కాలువగట్టున సాయంకాలపు గాలి కొలువున్నవానికొక తీరున, లేనివానికొక తీరున వీచదు. ఒక్క టీని రెండు గ్లాసులలో బంచుకొని, నాటి ప్రశ్నపత్రములో తాము చేసిన తప్పులను జెప్పుకొని నవ్వుకొను ఇరువురు మిత్రులకు ఆ గడియలో లోటేమి? పొరుగింటి పిల్లకు లెక్క బోధింపగా, అది యర్థమైన క్షణమున ఆ కన్నులలో మెరయు వెలుగును జూచుట, తల్లి దోసెలు పోయుచుండగా వంటింటి గడపపై గూర్చుండి మాటలాడుట, మాఘమాసమున పదునైదు దినములు జరుగు వీరమ్మతల్లి తిరునాళ్లలో బాల్యమిత్రులతో గలసి తిరుగుట, ఇవన్నియు సుఖములే. వీనికి జీతపు చీటి యక్కరలేదు.

మన డెల్టా రైతు వరికోతకు రెండు మూడు దినములు ముందే, పైరు నిలిచియుండగనే, చేనిలో మినుములు చల్లును. దానికి వేరుగ దుక్కి లేదు, వేరుగ నీరు లేదు. భూమిలో మిగిలిన తేమతోడను, చలికాలపు మంచుతోడను ఆ పైరు పెరుగును. వరి దెబ్బతినిన యేట ఎన్నియో యిండ్లను నిలిపినది ఆ మినుమే. అన్వేషణకాలమందలి చిన్న సుఖములు అట్టి రెండవ పంట. అది లేని మనస్సు పరీక్షకు పరీక్షకు నడుమ బీడువడును. బీడువడిన మనస్సుతో మరల పుస్తకము పట్టుట యెవరికిని సాధ్యము కాదు.

ఇట్టి పంటను ద్రొక్కివేయుచున్నది మనమే. “ఏమి బాబూ, ఇంకను ఏమియు రాలేదా?” యని పెండ్లిపందిటిలో నడుగుదుము. అడిగినవాడు భోజనము చేసి తన దారిని బోవును; విన్నవాడు మరుసటి పెండ్లికి రాడు, ఆపై తిరునాళ్లకును రాడు. అతడు సినిమాకు బోయినచో సోమరి యందుము. నవ్వినచో సిగ్గులేనివా డందుము. యువతుల గతి యింకను కష్టము. సోదరునకు గాలువగట్టైన గలదు. ఆమెకు ఇంటిపనియు, “ఈ యేడైన సంబంధము చూతము” అను మాటయు మిగులుచున్నవి. ఉద్యోగము పురుషలక్షణమన్న సామెతను బట్టియే ఆమె ప్రయత్నమును కాలక్షేపమని తలచువా రింకను గలరు.

కొలువు రాకుండుట యెల్లప్పుడును దోషమగునా? లెక్క చూతము. 2019 సంవత్సరమున గ్రామ, వార్డు సచివాలయములలో 1,26,000కు పైబడిన కొలువులకు ప్రకటన వెలువడగా, 21 లక్షలకు మించిన దరఖాస్తులు వచ్చినవి. కొలువొక్కింటికి ఇంచుమించు 17 దరఖాస్తులు! అందరును రాత్రింబవళ్లు చదివినను, పదునారు దరఖాస్తులకు ఫలితము నిరాశయే. ఇది గణితము, శీలపరీక్ష కాదు. గణితముచేత గలిగిన నిరాశకు ఆ యింటిబిడ్డను నేరస్థునిగ నిలుపుట న్యాయమా?

ఇచట మా మాటను అపార్థము చేసికొనరాదు. కాలువగాలిని జూపి కొలువును మరపించుట మా యుద్దేశము గాదు. మినుము వచ్చినదిగదా యని వరిపంటను విడుచు రైతు లేడు. చిన్న సుఖములు బ్రతికించును గాని, యిల్లు గడుపవు. ఈ కృష్ణాజిల్లాలోనే మన పూర్వులు ఈ ప్రశ్నను వ్యక్తుల యదృష్టమునకు విడువలేదు. కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, చదువుతోబాటు చేతిపనిని నేర్పబూనిరి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో అదే పట్టణమున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. ఆ పేరు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనను, అంతవరకు దాని కొలువులతో సంసారములు నిలిచిన కుటుంబము లెన్నియో గలవు. ఉయ్యూరు చక్కెర కర్మాగారము 1941 నాటి కే.సీ.పీ. సంస్థది. కొలువులు ఆకాశమునుండి పడవు. ఎవరో పూనికతో కల్పింపవలయును. ఆ పూనికయే అసలైన ఉద్యోగము.

కావున ప్రభుత్వమును మేము కోరునది స్పష్టము. ప్రకటన, పరీక్ష, ఫలితము, నియామకము, వీనికి ముందుగనే తేదీలు నిర్ణయించి, యా తేదీలను నిలుపుకొనవలయును. నిరీక్షణ కవధి యున్నచో యువకుడు తన దినములను తానే యేర్పరచుకొనగలడు. అవధి లేని నిరీక్షణ సుఖమునుగూడ దొంగసొమ్ముగ జేయును. పట్టణవాసులను గోరునది యింకను సులభము. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచున్నాము. పఠనమందిరము రాత్రి మరి రెండు గంటలు తెరచియుండునట్లును, స్త్రీలకు కుర్చీలును దీపములును చాలినన్ని యుండునట్లును మనమే యడుగవలయును. కొలువులలో స్థిరపడినవారు వారమున కొక్క సాయంకాలము అచట గూర్చుండి, తరువాతివారికి దారి చెప్పవచ్చును.

ఇక మనలో ప్రతియొక్కరును ఖర్చులేకయే చేయదగిన పని యొకటి గలదు. రేపు తిరునాళ్లలోనో, బస్సు నిలుచు చోటనో అట్టి కుర్రవాడు, అట్టి పిల్ల కనబడినప్పుడు “ఏమైన వచ్చినదా?” యని యడుగకుడు. “ఏమి చదువుచున్నావు?” అని యడుగుడు. మొదటి ప్రశ్నకు తల వంచి పోవువారు, రెండవదానికి నిలిచి బదులు చెప్పుదురు.