పొట్టు చేసిన దొంగతనం



ఈ నెల మీకొక దొంగ కథ చెబుతాను. ఈ దొంగకు కాళ్ళు లేవు, చేతులు లేవు. పట్టపగలు, అందరి కళ్ళ ముందే దొంగతనం చేసింది. అంతకంటె విచిత్రం ఏమిటంటే, ఆ దొంగను గంపలతో మోయించి తోటలో పెట్టినవాణ్ణి నేనే!

కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, పెన్న ఒడ్డున చెన్నూరు ఉంది. ఆ చుట్టుపట్ల కర్నూలు-కడప కాలువ పారే చోట వరి, పసుపు పండిస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో పత్తి, శనగ వేస్తారు. పులివెందుల వైపు మెట్టల్లో శనక్కాయ వేస్తారు. ప్రతి పంటా మనకు కావలసినది ఇచ్చి, వెనుక ఒక కుప్ప మిగిల్చి పోతుంది. 100 కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. 100 కిలోల శనక్కాయలు ఒలిస్తే 25 నుంచి 30 కిలోల పొట్టు వస్తుంది. వరిగడ్డి, పసుపు ఆకు, పత్తికట్టె, కందికట్టె ఇవిగాక వేరే. వీటిలో కొంత పశువుల మేతకూ, పొయ్యికీ పోతుంది. మిగిలినదానికి చాలాచోట్ల అగ్గిపుల్ల గీస్తారు. నేల కష్టపడి తయారు చేసినది పొగై పోతుంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక బడి వెనుక పిల్లలచేత కూరగాయల తోట వేయించాను. అది రేగడి నేల. తడిస్తే బంక, ఎండితే రాయి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు. పొట్టు కలిపితే నేల గుల్లబారుతుందని నాకు తోచింది. మిల్లు నుంచి గంపలకొద్దీ శనక్కాయ పొట్టు తెప్పించి, మడుల్లో వేసి తవ్వించి, వంగనారు నాటించాము. ఒక్కొక్క సాలు ఒక్కొక్క పిల్లవాడికి అప్పగించాను.

మూడు వారాలు గడిచాయి. మొక్కలు ఎదగలేదు. అడుగు ఆకులు పసుపుపచ్చగా మారి రాలసాగాయి. అన్నిటికంటె అధ్వాన్నంగా ఉన్న సాలు ఏడో తరగతి పిల్లవాడిది. నేను వాణ్ణి పిలిచి, అందరి ముందు, "నీళ్ళు సరిగా పోస్తున్నావా, ఎగ్గొడుతున్నావా?" అని గద్దించాను.

వాడు తల వంచుకుని, "ఒక్క పొద్దు గూడా ఎగ్గొట్టలేదు సార్" అన్నాడు. నేను నమ్మలేదు. మరునాటినుంచి వాడు తెల్లవారకముందే వచ్చి, రెండు పూటలా నీళ్ళు పోశాడు. మొక్కలు ఇంకా పాలిపోయాయి.

ఒకనాడు గోడ పక్కగా పోతున్న ముసలి రైతు ఆగి, వంగి, పిడికెడు మట్టి తీసి చూశాడు. "అయ్యవారూ! పచ్చి పొట్టు ఏసినారే. అది దిబ్బలో మాగల్ల. మాగకుండా ఏస్తే చెట్టుకు పెట్టదు సరిగదా, చెట్టు తినేది అదే తింటాది" అన్నాడు.

ఆ మాటలో ఉన్న శాస్త్రం ఏమిటో చూద్దాం.

పిడికెడు మట్టిలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. పొట్టునూ, గడ్డినీ కుళ్ళబెట్టి ఎరువు చేసేవి అవే. వాటికి రెండు ఆహారాలు కావాలి. ఒకటి కర్బనం, రెండవది నత్రజని. కర్బనం వాటికి సంగటి అనుకోండి. నత్రజని ఊరిబిండి. సుమారు 25, 30 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే వాటి భోజనం సజావుగా సాగుతుంది. పేడలో ఈ లెక్క ఇంచుమించు సరిపోతుంది. శనక్కాయ పొట్టులో కర్బనం 40 పాళ్ళకు పైగా ఉంటుంది. వరిగడ్డిలో 60 నుంచి 80 పాళ్ళ దాకా ఉంటుంది. ఊకలో అంతకంటె ఎక్కువ.

అంటే, విస్తట్లో పెద్ద సంగటి ముద్ద పెట్టి, పక్కన గోరంత ఊరిబిండి వడ్డించామన్నమాట. ఆకలిగొన్నవాడు ఏం చేస్తాడు? పక్క విస్తట్లో చెయ్యి పెడతాడు! సూక్ష్మజీవులూ అంతే చేశాయి. మట్టిలో వంగమొక్క కోసం ఉన్న నత్రజనిని అవి లాగేసుకున్నాయి. నత్రజని లేనిదే ఆకుకు పచ్చదనం లేదు. దొంగ దొరికాడా? పాపం, పిల్లవాడు ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

మరునాడు ప్రార్థన వేళ, ఏ పిల్లల ముందు వాణ్ణి గద్దించానో ఆ పిల్లల ముందే, "తప్పు నీది కాదురా, నాది" అని చెప్పాను. శనక్కాయ చెక్కను నీళ్ళలో నానబెట్టి, పలుచన చేసి మొదళ్ళలో పోయించాము. చెక్కలో నత్రజని నూటికి 7 పాళ్ళ దాకా ఉంటుంది. కొన్ని మొక్కలు చచ్చాయి. మిగిలినవి మెల్లగా తేరుకుని కొత్త చిగురు వేశాయి.

ఆ రైతు చెప్పిన 'మాగబెట్టడం' అనే విద్యనే ఒక శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి పరిశోధించాడు. ఆయన పేరు ఆల్బర్ట్ హోవర్డ్. 1905లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వ్యవసాయం నేర్పడానికి వచ్చి, ఇక్కడి రైతులనూ, పంటలమీది పురుగులనూ తన గురువులుగా పెట్టుకున్నానని చెప్పుకున్నాడు. 1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేశాడు. మన ప్రాంతంలో లాగే అక్కడా పత్తికట్టె పెద్ద సమస్య. గట్టిగా ఉండి ఎంతకీ చివకదు. ఆయన దానిని బండ్లు నడిచే బాటలో పరిపించాడు. చక్రాల కింద నలిగి నుగ్గయిన కట్టెను పశువుల కింద పరుపుగా వేయించాడు. మూత్రంతో తడిసిన ఆ పరుపును పేడ, బూడిద, మట్టితో గుంటలో పేర్చి, అప్పుడప్పుడు తిరగవేయిస్తే మూడు నెలలకు మంచి ఎరువైంది. పొలంలోని వ్యర్థపదార్థాల గురించి ఆయన, యశ్వంత్ వాడ్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు కలిసి 1931లో ఒక పుస్తకమే ప్రకటించారు. ఆ పద్ధతికి 'ఇండోరు పద్ధతి' అని పేరు వచ్చింది.

మీ పెరట్లో దానిని ఇలా చేయండి.

నీడపట్టున, వాన నీరు నిలవని చోట, మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు గుంట తీయించండి. వానకాలమైతే నేలమీదనే కుప్ప వేయవచ్చు. మొదట జానెడు మందాన పొట్టు, నరికిన గడ్డి, పసుపు ఆకు పరవండి. దానిమీద నాలుగు వేళ్ళ మందాన పేడనీళ్ళు కలిపిన పేడ వేయండి. పైన పిడికెడు బూడిద, పాత దిబ్బలోని కాస్త మట్టి చల్లండి. ఇలా వరుసగా పేర్చండి. ఊక మాత్రం కొంచెమే వేయండి. అందులో ఇసుకలో ఉండే సిలికా అనే పదార్థం ఎక్కువ గనుక అది త్వరగా చివకదు.

తడి సరిపోయిందా అని తెలుసుకోవాలంటే గుప్పెడు తీసి పిండండి. అరచెయ్యి తడవాలి, ధార కారకూడదు. నాలుగైదు రోజులకు ఒక ఇనుప కడ్డీని కుప్పలో గుచ్చి, పావుగంట ఆగి పెద్దవాళ్ళచేత తీయించండి. చుర్రుమంటుంది! లోపల 60 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి పుడుతుంది. సూక్ష్మజీవులు పని మొదలుపెట్టాయన్నమాట. పక్షం రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి తిరగవేయండి. గాలి ఆడకపోతే కుళ్ళు వాసన వస్తుంది. మూడు నెలలకు, పొట్టు ఎక్కువైతే నాలుగైదు నెలలకు, ఎరువు నల్లగా పొడిపొడిగా అవుతుంది. తొలకరి మట్టి వాసన వస్తుంది. అది మొక్కకు పెట్టదగిన ఎరువు. రేగడిని గుల్లపరుస్తుంది, పెన్న ఒడ్డు ఇసుక నేలలో తడిని పట్టి ఉంచుతుంది.

ఒక జాగ్రత్త. బూజు పట్టిన పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేయండి.

పచ్చి పొట్టు దేనికీ పనికిరాదా అంటే, అదీ కాదు. మట్టిలో కలపకుండా పైన పరిస్తే ఎండకు తడి ఆరిపోకుండా కాపాడుతుంది. మట్టికి తగిలేది అడుగు పొర ఒక్కటే గనుక దొంగతనం స్వల్పం. మొదలుకు జానెడు దూరం వదలండి. చెదలు పడితే తీసివేయండి.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే పరీక్షించండి. మూడు కుండీలు తీసుకోండి. ఒకదానిలో ఉత్త మట్టి, రెండవదానిలో సగం మట్టి, సగం పచ్చి పొట్టు, మూడవదానిలో సగం మట్టి, సగం మాగిన ఎరువు నింపి, తోటకూర విత్తనాలు చల్లండి. నీళ్ళు సమానంగా పోయండి. నెల రోజులు ఆకుల రంగు చూసి రాసుకోండి.

చివరగా ఒక ప్రశ్న. ఆ ఏడు వంగమడులకు ఆనుకునే రెండు సాళ్ళు అలసందలు వేశాము. అక్కడా అంతే పచ్చి పొట్టు కలిపాము. వంగ పాలిపోయింది గాని, అలసంద పెద్దగా పాలిపోలేదు. ఎందుకు? జవాబు వచ్చే నెల చెబుతాను. ఈలోగా ఒక అలసంద మొక్కనో, శనక్కాయ మొక్కనో వేళ్ళు తెగకుండా మెల్లగా పెకలించి, నీళ్ళలో కడిగి, ఆ వేళ్ళను బాగా పరిశీలించండి. జవాబు అక్కడే వేలాడుతూ ఉంటుంది.