ధర హామీ ఎవరికి? భారం ఎవరిపై?

తమకంటే తక్కువ ధరకు మరెక్కడైనా టికెట్టు దొరికితే ఆ తేడాను తామే భరిస్తామని విమాన సంస్థలూ, టికెట్లు అమ్మే వెబ్‌సైట్లూ ప్రకటించుకోవడం కొన్నేళ్లుగా పరిపాటి అయింది. హామీ పెద్ద అక్షరాలలో ఉంటుంది. షరతులు సన్నటి అక్షరాలలో ఉంటాయి. అదే విమానం, అదే తేదీ, అదే తరగతి అయి ఉండాలి. కొన్న కొద్ది గంటలలోనే, చాలాచోట్ల 24 గంటలలోనే, దరఖాస్తు చేసుకోవాలి. ఆ తక్కువ ధర అందరికీ బహిరంగంగా లభించేదై ఉండాలి. ఏజెంటు ద్వారా కొన్నవీ, బృందంగా కొన్నవీ సాధారణంగా లెక్కలోకి రావు. ఇన్ని గడపలు దాటినా చేతికి వచ్చేది తరచూ నగదు కాదు, మరో ప్రయాణానికి మాత్రమే చెల్లే వోచరు.

ఈ షరతులను మైదుకూరు వంటి ఊరికి తెచ్చి చూద్దాం. కడప జిల్లా నుంచి కువైట్‌కూ, ఇతర గల్ఫ్ దేశాలకూ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలూ, డ్రైవర్లుగా వెళ్లే యువకులూ తరతరాలుగా ఉన్నారు. కడప విమానాశ్రయం నుంచి గల్ఫ్‌కు విమానం లేదు. చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాదుకో రాత్రంతా ప్రయాణించి విమానం ఎక్కాలి. ప్రయాణ తేదీని నిర్ణయించేది వీసా, లేదా అక్కడి యజమాని. టికెట్టు తీసేది ఏజెంటు. రసీదు మీద ఉన్నది ఇంగ్లీషు. ఇంట్లో చావు కబురు విని బయలుదేరే మనిషి నాలుగు ధరలు పోల్చుకుని కొనలేడు. కనుక ఈ హామీ వెదికే తీరికా, ఎంచుకునే వీలూ ఉన్నవారికే పనికివస్తుంది. ఆ రెండూ లేనివారికి అది గోడమీది రాత మాత్రమే.

ఎంచుకునే వీలు అన్నిటికంటే తక్కువగా ఉండేది హజ్ యాత్రికునికి. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారు తమంతట తాము టికెట్టు కొనుక్కోలేరు. ఏ విమానాశ్రయం నుంచి బయలుదేరాలో దరఖాస్తు నాడే తెలపాలి. ఒక్కొక్క విమానాశ్రయానికీ విడిగా టెండర్లు పిలుస్తారు. ఖచ్చితమైన ఛార్జీ తేలేది ఆ తరువాతే. ధర తెలియకముందే మాట ఇచ్చేది యాత్రికుడు. మాట తీసుకున్న తరువాత ధర చెప్పేది విమాన సంస్థ.

దీని ఫలితాన్ని 2023లో మన రాష్ట్రమే చూసింది. ఆ ఏడాది విజయవాడ నుంచి హజ్‌కు వెళ్లే వీలు కలిగింది. సొంత రాష్ట్రం నుంచి బయలుదేరవచ్చునని అందరూ సంతోషించారు. లెక్క వెలువడేసరికి విజయవాడ నుంచి వెళ్లేవారికి మొత్తం ఖర్చు సుమారు 3 లక్షల 88 వేల రూపాయలు. హైదరాబాదు నుంచి సుమారు 3 లక్షల 5 వేలు. బెంగళూరు నుంచి ఇంకా కొంచెం తక్కువ. యాత్ర ఒకటే, గమ్యం ఒకటే, ఆరాధన ఒకటే. తేడా మాత్రం మనిషికి 80 వేలు దాటింది. ఏ ధర హామీ పత్రమూ ఈ తేడాను గుర్తించదు. అది ఒకే విమానాన్ని అమ్మే ఇద్దరి ధరలను పోల్చుతుందే గాని, ఒకే యాత్రకు రెండు ఊళ్లలో వసూలు చేసే ధరలను పోల్చదు.

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1,813 మంది యాత్రికులకు ఒక్కొక్కరికి 80 వేల చొప్పున సుమారు 14.5 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ ఊరట యాత్రికులకు అవసరమైనదే. దానిని మేము తక్కువ చేయడం లేదు. కానీ జరిగినదేమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. మామూలు ధర హామీలో తేడాను భరించేది అమ్మినవాడు. ఇక్కడ భరించింది ప్రజల ఖజానా. అధిక ఛార్జీ విమాన సంస్థకు చెల్లింది. లబ్ధిదారు అన్న పేరు ముస్లింకు దక్కింది.

ఈ నింద మనకు కొత్త కాదు. హజ్ సబ్సిడీ పేరిట దశాబ్దాల పాటు ముస్లింలను బుజ్జగిస్తున్నారన్న మాట పడ్డాం. ఆ సొమ్ము యాత్రికుల చేతికి వచ్చింది కాదు, టికెట్టు తేడా కింద విమాన సంస్థలకు చేరింది. పదేళ్లలో దానిని క్రమంగా ఎత్తివేయాలని 2012 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2018లో కేంద్రం పూర్తిగా నిలిపివేసింది. హజ్ స్తోమత గలవారికే విధి అన్నది మన ధర్మమే చెబుతున్నది గనుక, మన సమాజంలోనే పలువురు ఆ ముగింపును స్వాగతించారు. సబ్సిడీ పోయింది. సబ్సిడీని అవసరం చేసిన ఛార్జీల పద్ధతి మాత్రం పోలేదు.

ఇది విజయవాడ ఒక్కదాని కథ కాదు. 2024లో కేరళలోని కోళికోడ్ నుంచి విమాన ఛార్జీ కొచ్చి ఛార్జీకి దాదాపు రెట్టింపుగా నిర్ణయమైంది. ఆందోళన జరిగిన తరువాత కొంత తగ్గించారు గాని, తేడా మిగిలే ఉంది.

విమాన సంస్థలకూ వాదన ఉంది. చిన్న విమానాశ్రయంలో పెద్ద విమానం దిగలేదు. యాత్రికులను దింపిన విమానం ఖాళీగా తిరిగి రావాలి. ప్రయాణికులు తక్కువైనచోట తలసరి ఖర్చు పెరుగుతుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఏటా లక్షకు పైగా ప్రయాణికులను ఒక్క చేతితో తెచ్చి ఇచ్చే కొనుగోలుదారు హజ్ కమిటీ. అంతటి కొనుగోలుదారు ఊరూరుకూ విడిగా బేరమాడి, బలహీనమైనచోట యాత్రికుణ్ణి ఒంటరిగా వదిలివేయడం న్యాయం కాదు.

అందుచేత మేము కోరేది దానం కాదు, షరతుల సవరణ. ప్రతి విమానాశ్రయానికీ గరిష్ఠ ఛార్జీని దరఖాస్తుకు ముందే ప్రకటించాలి. టెండరు తరువాత ఛార్జీ ఆ హద్దు దాటితే, రుసుము లేకుండా మరో విమానాశ్రయానికి మారే హక్కు యాత్రికునికి ఉండాలి. సమీప విమానాశ్రయాలను ఒకే టెండరులో కలిపి ఛార్జీలను సమం చేయాలి. షరతులన్నీ తెలుగులోనూ, ఉర్దూలోనూ ఇవ్వాలి.

మామూలు టికెట్ల విషయంలో ఈ చివరి కోరికకు ఆధారం ఇప్పటికే ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్రం 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో హామీ ఏ భాషలో ఉందో షరతు కూడా ఆ భాషలోనే, అదే అక్షరాలలో ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పించుకోవడం కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మైదుకూరు నివాసి తన ఫిర్యాదును తన జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసినా ఫిర్యాదు నమోదవుతుంది. ఏజెంటు వద్ద రసీదు అడిగి తీసుకోవడం, చెప్పిన ధరను రాతలో పెట్టించుకోవడం మన వంతు. మస్జిద్ కమిటీలు జుమా నాడు ఐదు నిమిషాలు ఈ మాటలకు కేటాయిస్తే ఎన్నో కుటుంబాల సొమ్ము నిలుస్తుంది.

హజ్ సొమ్ము ఒక రైతు, ఒక దర్జీ, గల్ఫ్‌లో వంట చేసిన ఒక తల్లి జీవితమంతా కూడబెట్టినది. ఆ సొమ్ముకు సరైన లెక్క అడగడం ప్రత్యేక సదుపాయం అడగడం కాదు. టికెట్టు కొన్న ఏ పౌరునికైనా ఉన్న హక్కునే మేము అడుగుతున్నాం.