ఉక్కు అలసట – మామూలు అలల లెక్క

దివిసీమలో సముద్రం అనగానే పెద్దలకు 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. మోపిదేవి మొదలు కోడూరు, నాగాయలంకల దాకా ఉప్పెన మాట ఎత్తితే కథలు కథలుగా చెబుతారు. కనుక సముద్రం వల్ల ముప్పు అంటే మనకు పెనుగాలి, పెద్ద కెరటం మాత్రమే స్ఫురిస్తాయి. చమురు కోసం కడలిలో నిలిపిన ఉక్కు కట్టడాలకు మరో శత్రువు ఉంది. అది మామూలు అల.

ఇనుప తీగ ఒక్కసారి వంచితే తెగదు, పదేపదే వంచితే తెగుతుంది. దానినే లోహపు అలసట అంటారు. ఆరేడు సెకన్లకు ఒక అల చొప్పున చూసినా ఏడాదికి సుమారు 50 లక్షల కుదుపులు. వెల్డింగు అతుకుల వద్ద ఆ కుదుపు తీవ్రత రెట్టింపైతే నష్టం ఇంచుమించు ఎనిమిది రెట్లవుతుంది.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే వసతి వేదిక బోల్తాపడి 123 మంది మరణించారు. ఒక ఆసరా గొట్టానికి చిన్న పరికరం అమర్చేందుకు వేసిన వెల్డు దగ్గర మొదలైన పగులే అందుకు మూలం. ముఖ్యం కాదనుకున్న అతుకే ముంచింది.

అలాగని ప్రతి అతుకునూ ఏటా పరీక్షించడం అసాధ్యం. నీటి అడుగున నాచు, గుల్లలు గీకి చూడాలి. డైవర్ల ప్రాణాలతో పని. అందుకే ఏ అతుకు ఆయుష్షు తక్కువ, ఏది విరిగితే కట్టడమంతా కూలుతుంది, కిందటి తనిఖీలో ఏ పద్ధతి వాడారు అన్న మూడూ కలిపి వరుస నిర్ణయించాలి. గొట్టంలోకి నీరు చేరిందా అని చూసే పరీక్ష, పగులు గోడను పూర్తిగా చీల్చాక గాని పట్టుకోలేదు. "పగులు కనబడలేదు" అన్న మాట విలువ చూసిన తీరును బట్టే ఉంటుంది.

మన తీరానికి ఇది పరాయి సంగతి కాదు. కోనసీమలో సూరసానియానం ఎదుట ఉన్న రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనుగొంది. ఉత్పత్తి ఒప్పందం 1994లో 25 ఏళ్ళకు కుదిరింది. ఆపై మరో పదేళ్ళు పొడిగించారు. ఇటువంటి వేదికలను సాధారణంగా 20, 25 ఏళ్ళ ఆయుష్షు లెక్కన కడతారు. సంతకంతో ఒప్పందం గడువు పెరుగుతుంది గాని ఉక్కు ఆయుష్షు పెరగదు. అది మళ్ళీ లెక్క కట్టి, తనిఖీ చేసి తేల్చుకోవలసినదే.

కనుక ఏ క్షేత్రానికి పొడిగింపు ఇచ్చినా, దానితోపాటు అలసట లెక్కల సారాంశాన్ని, తనిఖీ ప్రణాళికను ప్రజల ముందుంచాలన్నది నా అభిప్రాయం. వేదికల మీద పనిచేసేవారికీ, ఆ నీళ్ళలో వలలు వేసే మత్స్యకారులకూ ఆ మాత్రం తెలుసుకునే హక్కు లేదంటారా?