శుక్రవారం షికారు

సెలవులకు విజయనగరం వెళ్లినప్పుడల్లా గంటస్తంభం మొదలు కోట దాకా ఎదురైనవాళ్లంతా నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "మన ఎండలు చాలకనా తల్లీ, ఇంకా ఎండల దేశం పోయారు?" జీతం కోసమని చెబితే మరీ కొట్లో పద్దులా ఉంటుంది. మావారి ఉద్యోగం కోసమని చెబితే నేను సామాన్లతోబాటు వెళ్లిన ఇత్తడి బిందెనైపోతాను. అందుకని, "అక్కడ శుక్రవారం బాగుంటుందండీ" అంటాను. నవ్వేస్తారు. నేను మాత్రం నిజమే చెబుతున్నాను.

ఒమన్ దేశంలో వారాంతం శుక్ర, శనివారాలు. 2013 మే నెలనుంచి ఇలా మారింది. అంతకు ముందు గురు, శుక్రవారాలుండేవి. ఆఫీసు ఉద్యోగులకు రెండు రోజులూ సెలవే. కట్టడాల మీదా గొట్టాల మీదా పనిచేసేవాళ్లలో చాలామందికి మాత్రం శుక్రవారం ఒక్కటే. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు ఎండ సంగతి. మన ఎండ ఉక్కపోత ఎండ. ఒళ్లంతా చెమట కారినా, సాయంత్రానికి సముద్రంమీదినుంచి ఓ గాలి తిరుగుతుంది, వీధి అరుగు మీద కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. మస్కట్‌లోనూ సముద్రం ఉంది, ఉక్కా ఉంది. కాని జూన్ నెలలో ఆ గాలి కూడా పొయ్యిమీదినుంచి వచ్చినట్టే ఉంటుంది. మస్కట్‌కు దక్షిణాన కురియాత్ అని సముద్రపు ఒడ్డు ఊరొకటి ఉంది. 2018 జూన్‌లో అక్కడ ఒక రోజల్లా, రాత్రితో సహా, ఎండ 42.6 డిగ్రీలకు దిగలేదు. అంత వేడి రాత్రి ప్రపంచంలో మరెక్కడా నమోదు కాలేదని అప్పుడు అన్నారు. మేడమీది తొట్టిలో నీళ్లు కాగిపోతాయి గనక వేసవిలో చన్నీళ్ల స్నానం కావాలంటే ఇక్కడి ఇల్లాళ్లు ఒక ఉపాయం చేస్తారు. స్నానాలగదిలో నీళ్లు కాచే యంత్రానికి కరెంటు ఆపేస్తారు. అందులో నిలవున్న నీళ్లు ఇంట్లో నీడపట్టున చల్లారి ఉంటాయి. వేన్నీళ్ల కుళాయి తిప్పితే చన్నీళ్లు, చన్నీళ్ల కుళాయి తిప్పితే వేన్నీళ్లు! మా అత్తగారు వచ్చిన కొత్తలో ఈ తారుమారుకు అలవాటు పడడానికి నెల పట్టింది.

అయితే అక్టోబరు దాటాక చూడాలి ఈ దేశాన్ని. మార్చి దాకా ఎవరూ ఇంట్లో ఉండరు. గురువారం రాత్రే కార్ల వెనక గుడారాలు, చాపలు, బొగ్గులు ఎక్కుతాయి. మాకు పులిహోర, దిబ్బరొట్టె, బెల్లం ఆవకాయ ఎక్కుతాయి. ఆవకాయ సీసా విమానంలో కారకుండా తేవడం ఒక విద్య. అది రాయాలంటే మరో వారం కావాలి. చోడిపిండి కూడా పెట్టెలోనే వస్తుంది. కరివేపాకూ మునగకాడలూ రువీ బజారులో దొరుకుతాయి లెండి.

మన కార్తీకమాసపు వనభోజనాలకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ వనం ఉండదు. కొండ, రాయి, మధ్యలో హఠాత్తుగా నీళ్లు. అలాంటి చోటును 'వాదీ' అంటారు. అంటే ఏరు పారే లోయ అన్నమాట. ఏడాదిలో ఎక్కువ భాగం గులకరాళ్లే ఉంటాయి. కొన్నిటిలో మాత్రం ఏడాది పొడుగునా మడుగులుంటాయి. తీవీ దగ్గర వాదీ షాబ్‌కు మస్కట్‌నుంచి రెండు గంటల ప్రయాణం. ముందు చిన్న పడవలో ఒడ్డు దాటించి రియాలు పుచ్చుకుంటారు, తర్వాత ముప్పావుగంట రాళ్లమీద నడక. ఖర్జూరపు చెట్లు, అటూ ఇటూ నిలువు కొండలు, కింద పచ్చలాంటి నీళ్లు. మా పిల్లలు నీళ్లలో దిగితే తిరిగి ఎక్కించడానికి పోలీసులు రావలసిందే అనిపిస్తుంది.

ఎండలు ముదిరాక మైదానాలు పనికిరావు, అప్పుడు జెబెల్ అఖ్దర్. పచ్చకొండ అని దానర్థం. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు ఠాణా వుంది, నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే పైకి పోనిస్తారు. పైన రెండువేల మీటర్ల ఎత్తున సైక్ పీఠభూమి. ఏప్రిల్‌లో గులాబీలు పూస్తాయి. మట్టి పొయ్యిలమీద పన్నీరు తీస్తారు. ఆ వాసన మా బట్టలకు పట్టుకుని వారం దాకా వదల్లేదు.

నాకన్నిటికన్నా నచ్చినవి ఈ దేశపు కాలవలు. 'ఫలజ్' అంటారు. కొండ కడుపులోని నీటిని సొరంగం తవ్వి, మోటారు లేకుండా వాలుమీదనే ఊళ్లోకి తెచ్చుకుంటారు. 2006లో అయిదింటిని యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చింది. వాటిలో నిజ్వా దగ్గరున్న ఫలజ్ దారిస్ ఒడ్డున మేము ఎన్ని శుక్రవారాలు అన్నాలు తిన్నామో లెక్కలేదు. ముందు తాగే నీళ్లు పట్టుకునే చోటు, ఆ దిగువన స్నానాలు, ఆ తర్వాతే తోటలు. తోటల వంతు అరగంటల చొప్పున పంచుతారు. పూర్వం పగలు నీడ చూసీ, రాత్రి చుక్క చూసీ వంతు మార్చేవారు. మా తాతగారి ఊళ్లో చెరువు నీటి వంతుల కోసం పారలు లేచిన సందర్భాలు తెలిసినదాన్ని గనక, నేనా కాలవను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

వాదీ అందానికి మోసపోకూడదు. మనకు నెత్తిమీద చుక్క పడకపోయినా ఎక్కడో కొండమీద వాన పడితే గోడలా నీరొస్తుంది. పారుతున్న వాదీలో కారు దింపడం ఇక్కడ నేరం, జైలు కూడా ఉంది. పారుతున్న నీటికి ఎదురు నిలిచి ఫొటో తీసుకునే మొనగాళ్లు మాత్రం ప్రతి ఏడూ బయలుదేరుతూనే ఉంటారు.

వాన మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. 2021 సెప్టెంబరు 26, ఆదివారం. గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటుతోందంటే ఆ రాత్రి మేమెవరమూ నిద్రపోలేదు. శ్రీకాకుళంలో మా పిన్ని ఫోను మోగుతుంది, తియ్యదు. తెల్లారాక కులాసాగా ఉన్నామని కబురొచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. ఆ తుపాను దక్కను మీదుగా నడిచి నడిచి, గుజరాత్ దాటి అరేబియా సముద్రంలో పడింది. నీళ్లు చూసేసరికి మళ్లీ బలం పుంజుకుంది. షాహీన్ అని కొత్త పేరు పెట్టారు. సరిగ్గా వారానికి, అక్టోబరు 3న, ఒమన్ మీదికి వచ్చింది! బాతినా తీరాన ఖాబూరా, సువైక్ ఊళ్లు నీట మునిగాయి. ఈసారి ఫోన్లు అటునుంచి ఇటు. "మేం పంపించీసినాం, జాగ్రత్త!" అన్నది మా పిన్ని.

ఈ వాక్యానికి మా ఇంట్లో నవ్వకుండా కూర్చున్నది ఒక్కడే. మా పెద్దత్తగారి ఊరి కుర్రాడు, కవిటి దగ్గరి పల్లె, ఇక్కడ వెల్డరు. నన్ను అప్పా అని పిలుస్తాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనాయి గదా, వాళ్ల ఎకరంన్నరా ఆ లెక్కలోదే. కొబ్బరిమొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అప్పులవాడు ఆరేడేళ్లు ఆగడు. అందుకని బయలుదేరాడు. ఏజంటు ఎనభైవేలు పుచ్చుకున్నాడట. ప్రభుత్వం పెట్టిన హద్దు 30,000 రూపాయలు, పైన పన్ను. ఆ హద్దొకటుందని ఇతనికి ఇక్కడికొచ్చాక మావారు చెబితే తెలిసింది.

మన సీమకు ఇది కొత్త కాదు. మా అమ్మమ్మ కాలంలో ఎవరైనా ఊళ్లో కనబడకపోతే "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూను. కళింగపట్నంలో, భీమునిపట్నంలో స్టీమరెక్కి బర్మా పోయి, మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి మనియార్డర్లు పంపేవారు. బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలనేవారు. 1930 మేలో రంగూను రేవులో మనవాళ్ల మీద దొమ్మీ జరిగింది. 1942లో జపాను దండెత్తినప్పుడు అడవులవెంట కాలినడకన తిరిగొచ్చిన కుటుంబాల కథలు ఇప్పటికీ మన ఊళ్లలో చెప్పుకుంటారు. ఈ కుర్రాడి ముత్తాత ఆ దారినే వచ్చాడట.

అతనికి శుక్రవారం ఒక్కటే సెలవు. ఉతుకుళ్లు, వంటా పోను మధ్యాహ్నానికి ఖాళీ. ఆ ఖాళీలో మాతో షికారుకు వస్తాడు. ఒకసారి ఎలాగో రెండు రోజుల సెలవు దొరికితే రాసల్ జింజ్ తీసుకువెళ్లాం. అక్కడ రాత్రిళ్లు పచ్చ తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. చిన్న చిన్న జట్లుగా మనుషులను చీకట్లో నడిపించి, మాట్లాడకుండా చూడమంటారు. మేం భయం భయంగా నిలబడ్డాం. ఇతను మాత్రం, "అదిగో, ఎనకకాలితో గొయ్యి తీస్తంది. ఇప్పుడు ఎదర నిలబడకూడదప్పా, బెదిరిపోద్ది" అని నా చెవిలో చెప్పాడు. బారువ ఇసుకలో చిన్నప్పుడు తాబేళ్లను చూస్తూ పెరిగాడట. మన ఒడ్డుకు జనవరినుంచి మార్చి దాకా వచ్చేవి వేరే జాతి, ఆలివ్ రిడ్లీలు, చిన్నవి. ఇక్కడివి వందకిలోలు దాటతాయి. "అబ్బ, ఇది మా తాబేలుకి పెద్దమ్మలాగుంది" అన్నాడు. ఆ రాత్రి మార్గదర్శి కన్నా మా కుర్రాడే ఎక్కువ తెలిసినవాడుగా కనిపించి, మా పిల్లలు అతని చెయ్యి వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో నేనొకటి గమనించాను. అందరం సీసాలకు సీసాలు నీళ్లు తాగుతున్నాం. అతను ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే నవ్వాడు. తరిచి తరిచి అడిగితే చెప్పాడు: "పనికాడ అలవాటైపోనాదప్పా. నీళ్లు తాగితే మాటిమాటికీ దిగాలి. ఆ ఎత్తునుంచి దిగి మళ్లీ ఎక్కడానికి ఎంతసేపు? మేస్త్రీ ఊరుకుంటాడేటి?"

నాకు చెయ్యి చల్లబడింది. ఉద్దానం అంటే మీకు తెలుసుగదా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో. నీటి దోషమా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, మరొకటా అని ఎంతోమంది పరిశోధించారు. ఇదీ కారణమని ఒక్కమాటగా ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ రోగులకు రెండువందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలంనుంచి వంశధార నీరు గొట్టాలద్వారా తెచ్చే పథకమూ అదే రోజున మొదలైంది. ఈ కుర్రాడి తండ్రి వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వెళతాడు. అలాంటి ఇంటి పిల్లవాడు, అంతకంటె ఎండల దేశంలో, మేస్త్రీకి జడిసి దాహం చంపుకుంటున్నాడు.

చట్టం లేకపోలేదు. జూన్ 1నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం 12:30నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2008నుంచి ఉన్న నిబంధన. కాని ఎండ ఆ మూడుగంటలకే పరిమితం కాదు. పొద్దున్న పదింటికి ఇనుము ముట్టుకుంటే తెలుస్తుంది. మేలో, సెప్టెంబరులో ఆ విరామం కూడా లేదు.

మావారు మరుసటి శుక్రవారమే ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లి రక్తం పరీక్ష చేయించారు. రెండు రోజుల తర్వాత కాగితం వచ్చింది. క్రియాటినిన్ హద్దులోనే ఉంది. డాక్టరుగారు మన భాష వారు కారు, అయినా అతని ఊరిపేరు వినగానే కళ్లజోడు తీసి మళ్లీ ఒకసారి చూశారు. ఆరునెలలకొకసారి పరీక్ష చేయించమన్నారు, పని నీడలోకి మార్చుకోమన్నారు.

నీడలో పని ఉంది. అదే కంపెనీ గిడ్డంగిలో సామాన్ల లెక్క చూసే పని. జీతం నెలకు నలభై రియాళ్లు తక్కువ. నలభై రియాళ్లంటే తండ్రి మందులకు పంపే సొమ్ములో ఎక్కువ భాగం. పైగా చెల్లెలి పెళ్లి అప్పు ఇంకా మిగిలే ఉంది. నెలన్నర తర్జనభర్జన జరిగింది. "మీరు సదువుకున్నోళ్లు, ఏటి సెయ్యమంటావప్పా?" అంటాడు. నలభై రియాళ్ల మాట తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకెక్కడిది? నా మాట అతనికే చెప్పక వాళ్లమ్మకు ఫోను చేశాను. ఆవిడ అంతా విని, "ఆ కొండమీద గొట్టాలకాడ నీళ్లు దొరకవా తల్లీ?" అని అడిగింది. దొరుకుతాయి, తాగడానికి తీరదు అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, "ఇంటాయనకీ నానిదే సెప్పేదాన్ని, ఇన్లేదు. గుంటణ్ణి నీడకి ఎల్లిపోమను" అంది.

గిడ్డంగిలో చేరి మూడు నెలలైంది. అక్కడ సెలవు శుక్రవారమే అని లేదు, వంతులవారీగా వస్తుంది. అందుకని ఇప్పుడు మా షికార్లకు అతను రావడం తగ్గింది. వచ్చేవారం వాదీ బనీ ఖాలిద్ పోదామని పిల్లలు పట్టుబట్టారు. అతనికి ఆ రోజు సెలవు పడుతుందో లేదో బుధవారానికి గాని తెలియదు. పులిహోర ఎంతమందికి కలపాలో అప్పుడే చూసుకోవాలి.